నాన్నకి పెద్ద వ్యాసాలు వినిపించాలి, తెలుగులో ఏమున్నాయి?

పాతపోస్టాఫీసు | శనివారం రాత్రి 9.10

అందరికీ నమస్కారం. ఒక సాయం కావాలి. మా నాన్నగారికి 77 ఏళ్లు. పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. నీటికాసుల వల్ల మూడేళ్లుగా చూపు తగ్గుతూ వచ్చింది. ఈ ఉగాది తర్వాత పేపరు చదవడం పూర్తిగా ఆగిపోయింది. హెడ్డింగులు కూడా కనపడట్లేదు.

ఆదివారం పేపర్లో రెండు పేజీల వ్యాసం వచ్చిందంటే, భోజనం అయ్యాక మంచం మీద కూర్చుని మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివేవారు. నచ్చినవి కత్తిరించి బిస్కెట్ డబ్బాలో దాచేవారు. ఇప్పుడు టీవీలో వార్తలు పెడితే పది నిమిషాలకే కట్టేయమంటున్నారు. "ఏం జరిగిందో అందరూ చెబుతారు. ఎలా జరిగిందో చెప్పేవాడు కావాలి" అంటారు.

రోజూ ఒక అరగంట నేనే చదివి వినిపిస్తున్నాను. ఉద్యోగం, వంట, పిల్లాడి చదువు... నా గొంతూ చాలట్లేదు, టైమూ చాలట్లేదు. ఇంగ్లిషులో లోతైన పెద్ద కథనాలు ఆడియోగా వస్తాయని విన్నాను. తెలుగులో అలాంటివి ఉన్నాయా? నాన్నకి ఇంగ్లిషు అర్థమవుతుంది కానీ అమెరికా వాళ్ల మాట పట్టుకోలేరు. ఫోను ఆయన వాడలేరు, నేనే పెట్టి ఇవ్వాలి.


ఉక్కునగరం | శనివారం రాత్రి 10.55

అక్కా, బి షిఫ్టు దిగి వచ్చి ఇప్పుడే చూశాను. మీరడిగింది నాకు ప్రాణమైన విషయం, అందుకే కొంచెం ఎక్కువ రాస్తాను.

ఇంగ్లిషులో ఇవి రెండు రకాలు. ఒకటి, అచ్చయిన పెద్ద వ్యాసాన్ని మంచి గొంతున్న మనిషి ఉన్నదున్నట్టు చదవడం. బ్రిటన్‌లో గార్డియన్ పత్రిక తన లాంగ్ రీడ్ వ్యాసాలను ఇలాగే చదివించి ఉచితంగా పెడుతుంది. బ్రిటిష్ ఉచ్చారణ మన పాతతరం వాళ్లకి కాస్త దగ్గర కాబట్టి నాన్నగారికి ముందు అవి పెట్టి చూడండి.

రెండోది, మొదటి నుంచీ చెవి కోసమే తయారుచేసిన రిపోర్టింగు. నన్ను ఇందులోకి లాగింది 2014లో వచ్చిన 'సీరియల్' అనే పాడ్‌కాస్టు, అంటే ఫోనులో భాగాలుగా వినే ఆడియో కార్యక్రమం. సారా కోనిగ్ అనే జర్నలిస్టు 1999లో బాల్టిమోర్‌లో జరిగిన ఒక్క హత్య కేసునే పన్నెండు భాగాల్లో తిరగేసింది. కానీ నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించింది 'ఇన్ ద డార్క్' రెండో సీజను, 2018లో వచ్చింది. మిసిసిపీలో కర్టిస్ ఫ్లవర్స్ అనే నల్లజాతి మనిషిని ఒకే కేసులో ఆరుసార్లు విచారించారు. ఆ రిపోర్టర్లు అక్కడికే వెళ్లి కాపురం పెట్టి, ఒక్కొక్క సాక్షి గుమ్మం ముందుకీ వెళ్లారు. ప్రాసిక్యూటరు పాతికేళ్లకు పైగా నడిపిన కేసుల్లో జ్యూరీ (తీర్పు చెప్పే పౌరుల బృందం) నుంచి ఎవరిని తీసేశాడో రికార్డులు తవ్వి లెక్కగట్టారు. 2019 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. 2020 సెప్టెంబరులో కేసే ఎత్తేశారు. సాక్షి "నాకు గుర్తులేదు" అనే ముందు తీసుకునే ఊపిరి కూడా వినపడుతుంది అక్కా. అచ్చులో అది రాదు.

అదే కార్యక్రమం ఇప్పుడు న్యూయార్కర్ పత్రిక చేతికి వచ్చింది. ఇరాక్‌లోని హదీతాలో జరిగిన హత్యల మీద చేసిన మూడో సీజనుకి 2025లో పులిట్జర్ అవార్డు కూడా వచ్చింది.

తెలుగులో మాత్రం ఈ స్థాయిలో నాకు దొరకలేదు. హర్షణీయం పాడ్‌కాస్టులో కథలూ రచయితలతో మాటలూ బాగుంటాయి. దాసుభాషితం యాప్‌లో చదివి వినిపించే పుస్తకాలున్నాయి. రెండూ నేను వింటాను. అయితే నాన్నగారు అడుగుతున్నది రిపోర్టింగు కదా.


నైట్‌డ్యూటీ | ఆదివారం ఉదయం 7.20

బీబీసీ తెలుగు సైటులో పెద్ద కథనాలు ఉంటాయి, 2017 అక్టోబరు నుంచి వస్తోంది. చాలావరకు చదువుకునేవే గానీ.


తెల్లకర్ర | ఆదివారం ఉదయం 8.05

పాతపోస్టాఫీసు గారూ, నేను పుట్టుకతో చూపు లేనివాణ్ని. బ్యాంకులో పనిచేస్తాను. ఇరవై ఏళ్లుగా చెవితోనే చదువుతున్నాను. "వింటున్నాను" అనను, చదువుతున్నాననే అంటాను.

ఆడియోగా ఏమున్నాయని వెతికితే తెలుగులో కొన్నే దొరుకుతాయి. అక్షరాల్లో ఉన్నదాన్ని ఫోను చేత చదివించుకుంటే చాలా ఎక్కువ దొరుకుతుంది. ఆండ్రాయిడ్ ఫోను సెట్టింగ్స్‌లో టెక్స్ట్ టు స్పీచ్ అని ఉంటుంది, అందులో తెలుగు గొంతు దించుకోండి. కంప్యూటరు ఉంటే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడరు (తెర మీదున్నది చదివి వినిపించేది) ఉచితం.

ముఖ్యమైన సంగతి. ఈ-పేపరు జోలికి వెళ్లకండి. అది పేజీ బొమ్మ, యంత్రానికి అక్షరం కనపడదు. పాత పత్రికల పీడీఎఫ్‌లు చాలావరకు 'అను' అనే పేరున్న ఫాంట్లలో చేసినవి. పైకి తెలుగులా ఉంటుందట, లోపల ఉన్నవి తెలుగు అక్షరాల కోడ్లు కావు. స్క్రీన్ రీడరు వాటిని అర్థం లేని ఇంగ్లిషు అక్షరాలుగా పలుకుతుంది. యూనికోడులో, అంటే ఏ యంత్రమైనా గుర్తుపట్టే అక్షరాల కోడ్లలో ఉన్న వెబ్ పేజీ అయితేనే సరిగ్గా చదువుతుంది. అదే వ్యాసం పత్రిక సైటులో యూనికోడులో ఉంటే అక్కడ తెరవండి.

ఇక ఏం చదివించాలి అంటే, జర్నలిస్టు పి. సాయినాథ్ గారు 2014లో మొదలుపెట్టిన పరి వెబ్‌సైటు. పల్లెల మీద రాసిన పెద్ద రిపోర్టులు. చాలావాటికి తెలుగు అనువాదాలున్నాయి, అంతా యూనికోడే. నేత, వలస, చేపల వేట, అడవి, అన్నీ ఉంటాయి. నేను అక్కడ గంటలు గంటలు గడిపాను.


పాతపోస్టాఫీసు | ఆదివారం మధ్యాహ్నం 3.30

తెల్లకర్ర గారూ, చాలా థాంక్స్ అండి. తెలుగు గొంతు దించాను. పరి నుంచి ఒకటి పెట్టాను. నాన్న ఇరవై నిమిషాలు విన్నారు. ఆపేసి "అమ్మాయ్, ఇది చదువుతోంది గానీ చెప్పట్లేదే" అన్నారు. ఒక పేరాకీ ఇంకో పేరాకీ మధ్య ఆగదు. సంవత్సరం వస్తే "వెయ్యి తొమ్మిది వందల ఎనభై ఆరు" అంటోంది. మనం "పంతొమ్మిది వందల ఎనభై ఆరు" అంటాం కదా. కి.మీ. అని ఉన్నచోట తడబడుతోంది.


తెల్లకర్ర | ఆదివారం సాయంత్రం 5.15

మొదట్లో అందరికీ అలాగే ఉంటుంది. ఒక నెల అలవాటు కావాలి. నేను మామూలు వార్తలు రెండింతల వేగంతో చదువుతాను, ఇలాంటి పెద్ద వ్యాసాలు మాత్రం మామూలు వేగంతోనే.

ఇంకో మాట చెబుతాను, ఇక్కడ చాలామంది ఒప్పుకోకపోవచ్చు. ఎత్తుపల్లాలు లేని యంత్రం గొంతంటేనే నాకు ఇష్టం. మంచి గొంతు మనల్ని ఒక వైపుకి తోస్తుంది. ఎవరి మీద జాలిపడాలో, ఎవరిని అనుమానించాలో చదివే మనిషే తేల్చేస్తాడు. ఈ యంత్రానికి ఏ పక్షమూ లేదు. బరువు ఎక్కడ పెట్టాలో నేనే నిర్ణయించుకుంటాను. కంటితో చదివేవాళ్లకి ఉన్న స్వేచ్ఛ అదే కదా, నాకూ అదే కావాలి.


ఉక్కునగరం | ఆదివారం రాత్రి 11.00

అన్నా, మీ మాటకి ఎదురు చెబుదామనుకుని మొదలుపెట్టాను. రాస్తూ ఉంటే నాకు జరిగిందే గుర్తొచ్చింది.

2018లో న్యూయార్క్ టైమ్స్ 'కాలిఫేట్' అని ఒక పెద్ద సిరీస్ చేసింది. ఐసిస్‌లో చేరి మనుషుల్ని చంపానని చెప్పిన ఒక కెనడా కుర్రాడి మాటల మీద చాలావరకు నడుస్తుంది. రాత్రి డ్యూటీ అయ్యి బస్సులో వస్తూ విన్నాను. ఆ కుర్రాడి గొంతు వణకడం, మధ్యలో ఆగడం విని ప్రతి అక్షరం నమ్మాను. 2020 సెప్టెంబరులో కెనడా పోలీసులు అదంతా కట్టుకథ అంటూ అతని మీద కేసు పెట్టారు. డిసెంబరులో పత్రికే ఆ సిరీస్ తమ ప్రమాణాలకు తగ్గట్టు లేదని ఒప్పుకుని, దానికి వచ్చిన పీబాడీ అవార్డు వెనక్కి ఇచ్చేసింది.

అదే అచ్చులో చదివి ఉంటే "దీనికి ఆధారం ఏమిటి" అని ఒక్కసారైనా ఆగి ఉండేవాణ్నేమో. గొంతు విన్నాక ఆ ప్రశ్న రాలేదు. ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అయినా నేను మనిషి గొంతే కావాలంటాను. తర్వాత తర్వాత ఒక అలవాటు చేసుకున్నాను. భాగం అయ్యాక ఫోను జేబులో పెట్టి, ఇందులో రిపోర్టరు కంటితో చూసింది ఎంత, కాగితంలో దొరికింది ఎంత, ఒకరు చెప్పగా విన్నది ఎంత అని ఒకసారి లెక్క వేసుకుంటాను.


లాసన్స్‌బే_మాస్టారు | సోమవారం ఉదయం 6.10

ఈ చర్చ చదువుతుంటే నాకు మా ఊరి రచ్చబండ గుర్తొచ్చింది. భీమిలి పక్కన చిన్న ఊరు మాది. నా చిన్నతనంలో పేపరు విజయవాడ నుంచి రావాలి, మా ఊరు చేరేసరికి పొద్దుపోయేది. చదువొచ్చిన ఒకాయన రావిచెట్టు కింద కూర్చుని మొత్తం చదివేవాడు. పదిహేను ఇరవై మంది వినేవాళ్లు. మధ్యలో ఆపి "అంటే ఏటి?" అని అడిగేవాళ్లు, ఆయన వివరించేవాడు. 1974 ఆగస్టు 10న ఈనాడు విశాఖలోనే మొదలయ్యాక పేపరు తెల్లారేసరికి రావడం మొదలైంది. తర్వాత్తర్వాత ఎవరి పేపరు వాళ్లు చదువుకున్నారు. ఇది కొత్త పద్ధతేమీ కాదని చెప్పడానికే ఇదంతా రాశాను.

పెద్ద రిపోర్టును చెవికి అందించడం కూడా పాతదే. 1946 ఆగస్టు 31 సంచికలో న్యూయార్కర్ పత్రిక ఇంకే వ్యాసమూ వేయకుండా మొత్తం సంచికను జాన్ హెర్సీ రాసిన 'హిరోషిమా'కే ఇచ్చింది. బాంబు నుంచి బతికి బయటపడ్డ ఆరుగురి కథ. సంచిక అమ్ముడైపోయింది. సెప్టెంబరులో అమెరికాలో ఏబీసీ రేడియో మామూలు కార్యక్రమాలు పక్కనపెట్టి నాలుగు సాయంత్రాలు నటుల చేత దాన్ని చదివించింది. నేపథ్య సంగీతం లేదు, చప్పుళ్లు లేవు, గొంతులు మాత్రమే. తర్వాత బీబీసీ కూడా చదివించింది. నేను బి.ఇడి. చదివే రోజుల్లో ఈ సంగతి తెలిసింది. సంగీతం వద్దనుకున్న ఆ నిర్ణయం ఎంత గొప్పదో ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. తెల్లకర్ర గారి యంత్రం గొంతుకీ ఉక్కునగరం బాబు అడిగే మనిషి గొంతుకీ మధ్య దారి అదేనేమో.


మైకుముందర | సోమవారం మధ్యాహ్నం 1.40

మాస్టారూ, మీ పోస్టు చదివాక రాయకుండా ఉండలేకపోయాను. నేను కొన్నేళ్లు సిరిపురంలో ఆకాశవాణిలో క్యాజువల్ అనౌన్సర్‌గా చేశాను. విశాఖ కేంద్రం 1963 నాటిది. ఆ స్టూడియోలో కూర్చుంటే ముందు కూర్చున్నవాళ్లందరూ వింటున్నట్టుండేది.

తెలుగులో ఇవి ఎందుకు లేవంటే ఒక కారణం నేను చెప్పగలను. మన దేశంలో ప్రైవేటు ఎఫ్‌ఎంలు సొంతంగా వార్తలు తయారుచేసి ప్రసారం చేయకూడదు. ఆకాశవాణి బులెటిన్ ఉన్నదున్నట్టు వేసుకోవచ్చు, అంతే. కాబట్టి మైకు ముందు మాట్లాడటం నేర్చుకున్న మా తరం పిల్లలు పాటల మధ్య కబుర్లు నేర్చుకున్నారు, రిపోర్టింగు నేర్చుకునే చోటు లేదు. రాసేవాళ్లు పత్రికల్లో ఉండిపోయారు, చదివేవాళ్లు రేడియోల్లో ఉండిపోయారు.

రెండో కారణం భాషలో ఉంది. అచ్చు తెలుగు వాక్యం చెవికి కష్టం. ఇలాంటిది చూడండి: "నష్టపరిహారం అందలేదని ధర్నా చేసిన గ్రామస్థులపై కేసులు పెట్టిన అధికారులను వివరణ కోరిన న్యాయస్థానం..." కంటితో అయితే వెనక్కి వెళ్లి సరిచూసుకుంటాం. చెవిలో పడేసరికి ఎవరు ఎవరిని ఏం చేశారో చెదిరిపోతుంది. ఇంకోటి, మనకి "అని" చివర్లో వస్తుంది. ఇంగ్లిషులో ఫలానా ఆయన అన్నాడు అని ముందే చెప్పి తర్వాత మాట చెబుతారు. మనం మాటంతా చెప్పాక "అని రైతు అన్నాడు" అంటాం. అంతసేపూ వినేవాడు అది రిపోర్టరు అభిప్రాయం అనుకుంటాడు. అందుకే ఎవరి మాటైనా మొదలయ్యే ముందు అర సెకను ఆగి, గొంతు కొంచెం దించాలి. పేజీ మీద కొటేషన్ గుర్తు చేసే పని అక్కడ మన ఊపిరి చేయాలి. యంత్రానికి ఇదే రాదు. "చదువుతోంది గానీ చెప్పట్లేదు" అన్నారే, మీ నాన్నగారు సరిగ్గా పట్టుకున్నారు.

పాతపోస్టాఫీసు గారూ, మీకు అభ్యంతరం లేకపోతే ఒక వ్యాసం నేను చదివి పంపిస్తాను. ఇంట్లో మైకు ఉంది.


నైట్‌డ్యూటీ | సోమవారం సాయంత్రం 6.30

నాదొక మాట. మాది గోపాలపట్నం వైపు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ గ్యాస్ లీకైనప్పుడు మా వీధివాళ్లందరం చీకట్లో పరిగెత్తాం. పన్నెండు మంది పోయారు. తర్వాత దాని మీద పెద్ద వ్యాసాలు వచ్చాయి, చాలావాటిని నేను చదివాను. ట్యాంకులో ఉష్ణోగ్రత ఎలా పెరిగింది, స్టైరీన్ గట్టిపడకుండా కలిపే మందు ఎందుకు చాలలేదు, ఇవన్నీ చదివితేనే అర్థమయ్యాయి. చదవడం అవసరం అనిపించింది.

కానీ ఒకరోజు డ్యూటీ నుంచి ఆటోలో వస్తూ దాని మీదే ఒక ఆడియో పెట్టాను. మొదట్లోనే ఆ రాత్రి కేకలు వినిపించారు. ఆటో ఆపించి దిగిపోయాను. చేతులు వణికాయి.

కంటితో చదివేటప్పుడు ముందు నాలుగు లైన్లు ఏమున్నాయో అంచుల్లో కనపడుతుంది, కావాలంటే దాటేయొచ్చు. చెవికి ఆ వీలు లేదు, వచ్చేదంతా లోపలికి వచ్చేస్తుంది. అందుకే ఎవరు చదివినా, చేసినా, అందులో ఏముందో మొదట్లో ఒక్క మాట చెప్పండి. పెద్దవాళ్లకి వినిపించేటప్పుడు మరీ ముఖ్యం.


మైకుముందర | సోమవారం సాయంత్రం 6.50

తప్పకుండా. ఇది నేను రాసిపెట్టుకున్నాను.


లాసన్స్‌బే_మాస్టారు | సోమవారం రాత్రి 8.00

నైట్‌డ్యూటీ అమ్మా, నువ్వు రాసింది చదివి కాసేపు మాట రాలేదు. జాగ్రత్తగా ఉండు తల్లీ.


అరకురైలు | సోమవారం రాత్రి 9.25

చిన్న సలహాలు. ప్రయాణంలో వినేవాళ్లు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. అరకు మీదుగా వెళ్లే కిరండూల్ రైలు లైన్లో యాభైకి పైగా సొరంగాలున్నాయి. సరిగ్గా కథ ముడి విడిపోయే చోట సిగ్నల్ పోతుంది. పెద్దవాళ్లకి ఇయర్‌ఫోన్ల కంటే చిన్న బ్లూటూత్ స్పీకరు మేలు. పక్కన ఇంకెవరైనా కూర్చుని వినొచ్చు. ఒకేసారి గంట పెట్టకండి, ఇరవై నిమిషాలకి ఆపి ఏమనిపించిందో అడగండి. మా అమ్మతో నా అనుభవం ఇది.


పాతపోస్టాఫీసు | మంగళవారం రాత్రి 9.40

మైకుముందర గారూ, అభ్యంతరమా! నాన్నకి చెబితే డబ్బా తీసి ముందర పెట్టమన్నారు. ఒక్కొక్క కటింగూ చేత్తో తడిమి, కాగితం మందాన్నీ మడతనీ బట్టి ఇది ఫలానాది అని చెబుతున్నారు. చివరికి ఒకటి ఎంచారు. విశాఖ ఉక్కు ఉద్యమం మీద చాలా ఏళ్ల కిందట వచ్చిన రెండు పేజీల వ్యాసం. ఫొటో తీసి మెసేజ్‌లో పంపాను.

ఒక అనుమానం. ఇలా ఒకరు రాసింది ఇంకొకరు చదివి రికార్డు చేస్తే తప్పేమీ కాదు కదా?


నల్లకోటు | బుధవారం ఉదయం 9.15

న్యాయవాదిని, అందుకే జవాబిస్తున్నాను. కాపీరైట్ చట్టం 1957కి 2012లో చేసిన సవరణ ప్రకారం, వైకల్యం ఉన్నవాళ్లు చదువుకోవడానికి వీలైన రూపంలోకి ఒక రచనను మార్చడం ఉల్లంఘన కాదు. 52వ సెక్షన్‌లో ఉంది. వ్యక్తిగత వాడకానికి, చదువుకి, పరిశోధనకి అలా మార్చిన కాపీని వాళ్లతో పంచుకోవచ్చు కూడా. లాభం కోసం చేయకూడదు. చూపులేనివాళ్ల కోసం వచ్చిన మర్రకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో అందరికంటే ముందు ఆమోదించింది మన దేశమే.

కాబట్టి నాన్నగారి కోసం చదివి పంపడానికి సంకోచం వద్దు. దాన్నే యూట్యూబులో అందరికీ పెట్టాలంటే మాత్రం పత్రిక అనుమతి, రచయిత అనుమతి తీసుకోవాలి. ఈ రెండూ కలపకండి.


తెల్లకర్ర | బుధవారం ఉదయం 10.00

ఈ సవరణ గురించి మా వాళ్లలోనే చాలామందికి తెలియదు. నల్లకోటు గారూ, ఇక్కడ రాసినందుకు థాంక్స్.


ఉక్కునగరం | బుధవారం మధ్యాహ్నం 2.30

అక్కా, ఉక్కు ఉద్యమం వ్యాసమా! మా తాతయ్యవాళ్లది ప్లాంటు కోసం ఖాళీ చేసిన ఊరు. 64 ఊళ్లు అలా పోయాయి. ఊరు పోయినవాళ్లకి ఇచ్చిన ఆర్ కార్డు మీదే మా నాన్నకి ప్లాంటులో ఉద్యోగం వచ్చింది. ఆ ఉద్యోగం వల్లే నేను చదువుకున్నాను. ఊరు ఇచ్చినవాళ్లు, వీధిలోకి వచ్చి పోరాడినవాళ్లు, ఇద్దరి కథా ఇంతవరకు వాళ్ల గొంతులో వరసగా ఎవరూ రికార్డు చేసినట్టు నేను వినలేదు. మా నానమ్మ పోయి నాలుగేళ్లయింది. ఒక్క రికార్డింగు కూడా నా దగ్గర లేదు.

ఇంగ్లిషులో ఎక్కడో మిసిసిపీ కథ ఏడు గంటలు విన్నవాణ్ని. మా నానమ్మ ముందు పది నిమిషాలు ఫోను పెట్టలేదు.


మైకుముందర | శుక్రవారం రాత్రి 10.30

చదివాను. మొత్తం 34 నిమిషాలు వచ్చింది. మూడు ముక్కలుగా చేశాను. మొదట్లోనే చెప్పాను: ఇందులో కాల్పుల ప్రస్తావన, చనిపోయినవాళ్ల పేర్లు ఉంటాయని. సంగీతం ఏమీ పెట్టలేదు. రెండుచోట్ల వాక్యం మరీ పొడుగ్గా ఉంది, మాట మార్చకుండా ఊపిరితో విడగొట్టాను. వినిపించి చెప్పండి.


పాతపోస్టాఫీసు | ఆదివారం రాత్రి 8.50

ఇవాళ మధ్యాహ్నం వినిపించాం. అరకురైలు గారు చెప్పినట్టు స్పీకర్లో పెట్టాం. పక్కింటి మామ్మగారు కూడా వచ్చి కూర్చున్నారు. నాన్న గోడకి ఆనుకుని కళ్లు మూసుకున్నారు. మొదటి ముక్క అయ్యాక ఆపబోతే వద్దని చెయ్యి ఊపారు.

1966 అక్టోబరులో ఉక్కు ఫ్యాక్టరీ కోసం అమృతరావు గారు చేసిన దీక్ష దగ్గర కొంచెం ముందుకి వంగారు. నవంబరు 1 కాల్పుల దగ్గరికి వచ్చేసరికి కదల్లేదు. అయిపోయాక చాలాసేపు ఏమీ అనలేదు. నేను భయపడి మంచినీళ్లు ఇచ్చాను. అప్పుడు "చదివినావిడకి ఒక మాట చెప్పు" అన్నారు. "గొంతు బాగుంది, అంతా అర్థమైంది. పోయినవాళ్ల పేర్లు మాత్రం గబగబా చదివేసింది. ఒక్కో పేరు దగ్గర ఆగాలి. వాళ్లని చూసినవాళ్లు వింటారు కదా."

ఆ రోజు తను ఎక్కడున్నారో, ఎటు పరిగెత్తారో అప్పుడు చెప్పారు. పద్దెనిమిదేళ్ల వయసట. ఇన్నేళ్లలో ఈ సంగతి నాకు ఎప్పుడూ చెప్పలేదు. అమ్మకైనా చెప్పారో లేదో, అడగడానికి అమ్మ లేదు.


మైకుముందర | ఆదివారం రాత్రి 9.05

ఆయన చెప్పింది నిజం. నిమిషాలు పెరుగుతున్నాయని అక్కడ తొందరపడ్డాను. ఆ భాగం మళ్లీ చదువుతాను. రేపు రాత్రికి పంపుతాను.


తెల్లకర్ర | ఆదివారం రాత్రి 9.30

పేర్ల సంగతి విన్నాక ఆలోచిస్తున్నాను. యంత్రం అయితే అక్కడ ఎలాగూ ఆగదు, ఆగమని దానికి చెప్పడానికీ ఉండదు. నా మాట పూర్తిగా వెనక్కి తీసుకోను గానీ, మైకుముందర గారూ, మళ్లీ చదివాక ఆ రికార్డింగు నాకు కూడా పంపగలరా? చట్టం ప్రకారం నాకూ హక్కుంది.


ఉక్కునగరం | ఆదివారం రాత్రి 11.10

అక్కా, ఒకటి అడుగుతాను, ఇబ్బంది అయితే వద్దని చెప్పండి. నాన్నగారు ఒప్పుకుంటే వచ్చే వారం నేను వచ్చి ఆయన చెప్పేది రికార్డు చేసుకోవచ్చా? తొందర పెట్టను. ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపుతాను. బుధవారం నాకు వీక్లీ ఆఫ్.


పాతపోస్టాఫీసు | సోమవారం ఉదయం 7.00

అడిగాను తమ్ముడూ. "మీది ఏ ఊరు, ఎవరి మనవడివి" అని ముందు కనుక్కోమన్నారు. బుధవారం నాలుగు తర్వాత రా. మూడున్నరకి కళ్లలో చుక్కలు వేస్తాను, అరగంట పడుకుంటారు. ఫ్యాను చప్పుడు ఎక్కువ, దాన్ని ఆపేస్తే ఉక్కపోస్తుంది. కిటికీ వైపు కూర్చోబెడతాను. హార్బరు సైరన్ వినపడితే ఫర్వాలేదు కదా?


మైకుముందర | సోమవారం ఉదయం 7.20

సైరన్ వినపడనివ్వండి. కిటికీ మూయకండి.